జిడ్డుకు ఇంకో పేరు

మా మేనత్త భర్త గోడలకు రంగులు వేసేవాడు. నాకు మావయ్య. ఆయనతో పని పంచుకున్నది మా నాన్న, అంటే స్వయానా బావమరిది. ఇద్దరూ ముప్పై ఏళ్ళు ఒకే బకెట్టులో కుంచెలు ముంచారు. పైకప్పులు, అంచులు నాన్నవి. మనిషి ఎత్తు గోడలు మావయ్యవి. ఎందుకలా పంచుకున్నారని ఒకసారి నాన్నను అడిగాను.

"మీ మావయ్య నిచ్చెనెక్కితే కలలు కంటాడే. కిందుంటేనే మనకి క్షేమం" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. రంగు ఆరుతున్న గోడ ముందు మావయ్య అలా నిలబడిపోయేవాడు. ముందు గోడంతా నీళ్ళలా మెరుస్తుందట. తరవాత కిటికీ వైపు నుంచి ఒక మసక మొదలై, మెల్లగా, ఎవరో నడుచుకుంటూ వెళ్తున్నట్టు, రెండో మూల దాకా పోతుందట. ఆ నడక అయ్యేదాకా ఆయన కదిలేవాడు కాదు. పిలిస్తే "ఆఁ" అనేవాడు. ఆ 'ఆఁ' ఎక్కడో దూరం నుంచి వచ్చేది.

ఆయనకు చిన్నప్పటి నుంచీ ముఖం జిడ్డోడేది. పొద్దున ఎంత తోమి కడిగినా, బడి గంట కొట్టే సరికి నుదురు, ముక్కు, గడ్డం తళతళలాడేవి. క్లాసులో ఒకడు పుస్తకం కాగితం చించి ఈయన నుదుటికి అద్ది, ఇంకో పేజీ మీద పెట్టి, "ఒరే, కింది అక్షరాలు కనిపిస్తున్నాయిరా!" అని అందరికీ చూపించేవాడు. అప్పుడు పడిన పేరే 'జిడ్డు'. బడి వదిలినా ఆ పేరు ఆయన్ని వదల్లేదు. జిడ్డు లక్షణమే అది కదా.

మన మాటల్లో జిడ్డుకు ఒక్క మంచి అర్థమూ లేదు. వదలని మనిషి జిడ్డు, తెగని బేరం జిడ్డు, సాగే కథ జిడ్డు. అదే మెరుపు దీపానికుంటే కాంతి అంటాం, ఆకుకుంటే నిగనిగ అంటాం, పెళ్ళికూతురి ముఖంలో ఉంటే కళ అంటాం. మావయ్య ముఖానికి మాత్రం ఆ మాటలేవీ దొరకలేదు.

పన్నెండేళ్ళప్పుడు సెలవులకు వాళ్ళ పిన్ని ఇంటికి వెళ్ళాడు. ముందు గదికి అప్పుడే కొత్తగా వెల్ల వేయించారు. అక్కడ గోడకు తల ఆనించి కూర్చుని, నాలుగు రోజులు కథల పుస్తకాలు చదువుకున్నాడు. ఐదో రోజు పొద్దున లేచి చూస్తే, తాను కూర్చునే చోట, గోడ మీద బాగా కిందికి, ఒక క్యాలెండరు వేలాడుతోంది. అంత కింద ఎవరూ క్యాలెండరు పెట్టరు. ఎత్తి చూశాడు. వెనక గుండ్రంగా, పచ్చగా తన తలంత మరక.

"పిన్ని తిట్టుంటే బాగుండేది. ఏమీ అనలేదు చూడు, అదే తగిలింది" అని పెద్దయ్యాక చెప్పాడు.

ఆ రోజు నుంచి పరాయి గోడకు తల ఆనించలేదు. బస్సులో ఎంత దూరమైనా నిటారుగా కూర్చునేవాడు. జేబులో ఎప్పుడూ రెండు రుమాళ్ళు. పెళ్ళైన కొత్తలో దిండు మీద తువ్వాలు పరుచుకుంటుంటే అత్త ఆశ్చర్యపోయి, "దిండుకి చలేస్తోందా?" అందట. ఆయన నవ్వలేదట. ఇంకెప్పుడూ అత్త ఆ ఊసెత్తలేదు. తువ్వాలు మాత్రం రోజూ ఉతికేది.

మావయ్యకు యాభై దాటాక ఒక చర్మవైద్యశాల పని వచ్చింది. రెండంతస్తుల భవనం, కింద పొడవాటి వరండా, అందులో రోగులు కూర్చునే బల్లలు. గోడలకు లేత నీలం కావాలన్నారు. బల్లలు తీయించి, ఇద్దరూ మూడు రోజుల్లో పని ముగించారు. కొత్త బల్లలు రావడానికి రెండు వారాలు పడుతుందని, అందాకా రోగులు వెనక గదిలో కూర్చుంటారని చెప్పారు. గోడ అద్దంలా వచ్చింది.

పన్నెండో రోజున ఫోను వచ్చింది. ఒకసారి వచ్చి చూడమన్నారు.

వెళ్ళి చూస్తే, లేత నీలం మీద వరసగా మచ్చలు. కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో సరిగ్గా అంత ఎత్తులో, ఈ చివర నుంచి ఆ చివర దాకా, గుండ్రంగా, పొగచూరిన చందమామల్లా. ఆ పన్నెండు రోజుల్లో అక్కడ ఎవరూ కూర్చోలేదు. ఉత్త గోడ.

"బావా, ఇదేం ఆస్పత్రి? మనుషుల్లేకుండా తలలొచ్చాయి!" అన్నాడు నాన్న గొంతు తగ్గించి.

మావయ్యకు అర్థమైంది. ఏళ్ళ తరబడి ఆనిన తలల నూనె పాత రంగులోకి ఇంకిపోయింది. దాన్ని కడగకుండా పైన కొత్త రంగు వేశారు. కింద ఉన్నది కిందే ఉండక పైకి వచ్చింది.

అంతలో డాక్టరమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మెత్తగా మాట్లాడే మనిషి. చేతులు కట్టుకుని గోడ కేసి చూస్తోంది.

"వీటి సంగతేంటి?"

"తెచ్చిన రంగు డబ్బా పాతదేమోనండీ..." అని నాన్న ఏదో అల్లబోయాడు.

"కాదమ్మా, తప్పు మాదే" అన్నాడు మావయ్య. "ముందు సోడా నీళ్ళతో కడగాలి. తరవాత మరక పైకి రాకుండా ఆపే ప్రైమర్ పట్టించాలి. పైపైన చూసి వేసేశాం. మళ్ళీ చేసిస్తాం."

డాక్టరమ్మ నవ్వింది. "అందరూ జిడ్డు తగ్గించమనే నా దగ్గరికొస్తారు. నేను మందు రాసిచ్చే లోపే ఆ జిడ్డేదో గోడకిచ్చి పోతున్నారన్నమాట."

జిడ్డు అన్న మాట వినగానే మావయ్య చెయ్యి తనంతట తాను రుమాలు దగ్గరికి పోయింది. నుదురు తుడుచుకున్నాడు. ఆవిడ అది చూసింది. చూసి, మాట మార్చింది.

"మేము దీన్ని జిడ్డు అనం. సెబమ్ అంటాం."

"ఏంటమ్మా?"

"సెబమ్. మన చర్మం తయారు చేసుకునే నూనె. వెంట్రుక మొదట్లో, పక్కనే, కంటికి కనిపించనంత చిన్న తిత్తి ఉంటుంది. అందులో ఊరి, వెంట్రుక పట్టుకుని పైకొస్తుంది. ఆ మాటకి అసలు అర్థం కొవ్వు అని. పాతకాలంలో దీపాలకి వాడేవాళ్ళే, గట్టి కొవ్వు, అది."

"ఒళ్ళు సరిగ్గా కడుక్కోకపోతే వచ్చేది కాదా?"

"కాదు. కడిగితే కాసేపు పోతుంది, మళ్ళీ ఊరుతుంది. శుభ్రంగా ఉన్నా వస్తుంది, లేకపోయినా వస్తుంది. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. పదమూడు, పద్నాలుగేళ్ళకి ఒక్కసారిగా పెరుగుతుంది. వయసు మళ్ళితే తగ్గుతుంది."

"అసలెందుకమ్మా అది?"

"చర్మం ఎండి పగలకుండా. లేకపోతే చిట్లిపోమూ?" అని ఆగి, "ఒళ్ళంతా ఉంటుంది గానీ అరచేతుల్లో, అరికాళ్ళలో మాత్రం ఆ తిత్తులుండవు" అంది.

మావయ్య తన అరచేతులు చూసుకున్నాడు. సున్నానికీ సిమెంటుకీ పగిలి, ఎండిన చెరువు నేలలా ఉన్నాయి.

"మరి స్విచ్‌బోర్డుల చుట్టూ నల్లగా పడతాయి కదమ్మా, చేతి మరకలు?"

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ ప్రశ్న ఆవిడకు నచ్చినట్టుంది. "కొంత దుమ్ము, కొంత చెమట. నూనె మాత్రం ముఖానిదే. రోజంతా మనకి తెలీకుండా ముఖం తాకుతుంటాం. ముఖం చేతికిస్తుంది, చెయ్యి గోడకిస్తుంది."

ఆ కొత్త మాట రాసివ్వమని మావయ్య అడిగాడు. ఆవిడ మందులు రాసే కాగితం మీద తెలుగు అక్షరాల్లో 'సెబమ్' అని రాసిచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. "ఏ షాపులో దొరుకుతుంది బావా ఈ మందు?" అన్నాడు నాన్న.

ఆదివారం వైద్యశాలకు సెలవు. వరండాలో వాళ్ళిద్దరే. బకెట్టు వేడినీళ్ళలో సోడా కలిపి, స్పాంజితో ఒక్కో మచ్చనూ రుద్దడం మొదలుపెట్టారు. కిటికీల నుంచి ఎండ పలకలు పలకలుగా పడుతోంది. సోడా వాసన, తడి గోడ వాసన, ఎక్కడో పంపు చుక్క చుక్కగా కారుతున్న చప్పుడు. అన్ని మచ్చలూ ఒక్కలా లేవని మావయ్యకు కాసేపటికి తెలిసింది. ఒకటి బాగా కిందికి ఉంది. పసిపిల్లది అయ్యుంటుంది, కాళ్ళు బల్ల మీద నుంచి నేలకు అందక ఊగుతూ ఉండుంటాయి. ఒకటి అందరికన్నా పైన. ఆ పొడుగు మనిషి పేరు పిలిస్తే ద్వారబంధం తలకు తగలకుండా వంగి లోపలికి పోయుంటాడు. ఒకచోట రెండు మచ్చలు దాదాపు అతుక్కుని ఉన్నాయి. తల్లీకూతుళ్ళో, మొగుడూపెళ్ళాలో, వేచి వేచి ఒకరి మీదికొకరు ఒరిగి కునుకు తీసి ఉంటారు. బల్ల చివరి మచ్చ మరీ పలచన. అక్కడ కూర్చున్నవాళ్ళెవరో తల పూర్తిగా ఆనించకుండా, ఆనీ ఆననట్టు కూర్చున్నారు. ఆ మనిషి ఎలా కూర్చుని ఉంటారో మావయ్యకు బాగా తెలుసు.

"గోడలకి చెవులుంటాయంటారు. తలలు కూడా ఉంటాయని ఆ రోజే చూశాను" అని నాతో అన్నాడు. స్పాంజి పట్టుకుని అలా ఎంతసేపున్నాడో తెలియదు. సోడా నీళ్ళు చల్లారిపోయాయని నాన్న కేకేస్తే ఈ లోకంలోకి వచ్చాడట.

ఇంటికి రాగానే కాగితం తీసి అత్తకు చూపించాడు.

"సెబమా? సబ్బుకి అన్నయ్యలా ఉందే పేరు" అంది అత్త.

"సబ్బుకి శత్రువే" అన్నాడు మావయ్య, పెళ్ళైన ఇన్నేళ్ళకు ముఖం ప్రసక్తి మీద మొదటిసారి నవ్వుతూ.

ఇక ఆ మాట ఇంట్లో కాపురం పెట్టింది. కళ్ళజోడు మసకబారితే "సెబమ్ పట్టింది, తుడుచుకో." ఫోను జారిపోతే "సెబమ్ చేతులు." నాన్న ఊరుకునే రకం కాదు. "ఇన్నాళ్ళూ జిడ్డు బావా అన్నాను. ఇప్పుడు సెబమ్ బావగారూ అనాలేమో, హోదా పెరిగిందిగా" అనేవాడు. ఒకరోజు నాన్నే మావయ్య స్కూటరు కింద నల్లటి చుక్కలు చూసి "ఇంజనులోంచి సెబమ్ కారుతోంది" అన్నాడు. ఒంట్లో ఊరిందాన్నే అలా అనాలని నేను సరిదిద్దబోయాను. "దానికీ ఒళ్ళుందిగా" అన్నాడు.

మూడు నెలల తరవాత డాక్టరమ్మ తన ఇంటికి రంగులు వేయమని పిలిచింది. పెద్ద ఇల్లేం కాదు. ఉండేది ఆవిడా, వాళ్ళమ్మా. తండ్రి పోయి ఏడాదైంది. ఆయన రేడియోలు బాగుచేసేవాడట. ఇంట్లో అలమార నిండా ఇంకా విప్పిన రేడియోలే.

డాక్టరమ్మ గదులన్నీ తిప్పి చూపించి, హాల్లో ఒక గోడ దగ్గర ఆగింది. "ఈ గోడ వదిలేయండి" అంది. ఎందుకో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. గోడ పక్కన ఒక చెక్క కుర్చీ ఉంది. కుర్చీకి పైన, పళ్ళెమంత వెడల్పున, తేనె రంగు తిరిగిన మరక.

ఆవిడ కారు వీధి మలుపు తిరిగిందో లేదో పెద్దావిడ వంటింట్లోంచి బయటికి వచ్చింది. డెబ్బై ఐదేళ్ళ మనిషి, సన్నగా, చురుగ్గా ఉంది.

"ముందు ఆ గోడతోనే మొదలుపెట్టు నాయనా."

"డాక్టరమ్మగారు వద్దన్నారమ్మా."

"ఇల్లు నాది. గోడ నాది. ఆ మరక చేసినాయన కూడా నావాడే. మధ్యలో డాక్టరెవరు?"

నాన్న నిచ్చెన చాటుకు పోయాడు. మావయ్య తల గోక్కుని, లోపలి గదులతో మొదలుపెడతామని ఎలాగో సర్దిచెప్పాడు. రెండు రోజులు అలాగే నెట్టారు. పెద్దావిడ పూటకోసారి టీ తెచ్చిచ్చేది, టీతో పాటు ఆ మరక కథా.

"రోజూ సాయంత్రం ఆ కుర్చీలో కూర్చుని, తల గోడకి వాల్చి, రేడియో చెవి దగ్గర పెట్టుకునేవాడు. నేను తువ్వాలు మేకుకి తగిలించాను. తువ్వాలు గుచ్చుకుంటోందని జానెడు పక్కకి జరిగాడు. అందుకే అంత వెడల్పు. సబ్బుతో తుడిచాను, సుద్దముక్కతో రుద్దాను, ఏం చేసినా మర్నాటికి మళ్ళీ అక్కడే. నలభై ఏళ్ళు పోట్లాడాను నాయనా ఆ మచ్చతో."

మూడో రోజు టీ గ్లాసు ఇస్తూ ఆవిడ గొంతు తగ్గించింది.

"పోయే ముందు రోజు కూడా దాని గురించే తిట్టాను. ఏమీ అనలేదు, నవ్వాడు. పొద్దునకి లేడు. మా అమ్మాయికి ఆ గోడ మీద వాళ్ళ నాన్న కనిపిస్తాడు. నాకు నా నోరు కనిపిస్తుంది."

మావయ్య గ్లాసు కిటికీలో పెట్టి, ఎప్పుడూ ఎవరితోనూ అననిది అనేశాడు. "నేనూ గోడలు పాడుచేసిన వాణ్ణేనమ్మా. నా పేరే జిడ్డు." క్యాలెండరు సంగతి చెప్పాడు. దిండు మీద తువ్వాలు సంగతీ చెప్పాడు.

పెద్దావిడ ఆయన ముఖంలోకి తేరిపార చూసింది. "మీ ఆవిడ తిట్టదా?"

"తిట్టదమ్మా. ఆ అవకాశం నేనివ్వను."

"ఇచ్చి చూడవయ్యా! తిట్టించుకునేవాడు ఉంటేనే ఇంట్లో మనిషున్నట్టు. ఇప్పుడు తిడదామంటే నాకెవరున్నారు? గోడ తప్ప!" అని, కోపమో నవ్వో తెలియకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఈ మాటలు డాక్టరమ్మకు చెప్పమని మావయ్య ఆవిడను బతిమాలాడు. "దానికి చెబితే మందు రాస్తుంది" అంది. దాంతో మర్నాడు పొద్దున, డాక్టరమ్మ కారు తాళాలు తీసుకుంటుండగా, మావయ్యే ఎదురు వెళ్ళాడు. నాన్న చొక్కా పట్టి లాగాడు. మనకెందుకు బావా అన్నాడు. మావయ్య వినలేదు.

"అమ్మా, మీరు చెప్పినట్టే ఆ గోడ ముట్టుకోలేదు. కానీ ఒక్క మాట. మీకది నాన్నగారి గుర్తు. అమ్మగారికి ఆయన్ని తిట్టిన చివరి తిట్టు. రోజూ ఆ కుర్చీ పక్క నుంచే నడుస్తున్నారావిడ."

డాక్టరమ్మ తాళాల గుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. "నాతో ఎప్పుడూ అనలేదు" అంది. తరవాత చెప్పులు విప్పి మళ్ళీ లోపలికి వెళ్ళింది.

వంటింటి తలుపు మూసుకుంది. మావయ్య, నాన్న వరండాలో కుంచెలు కడుగుతున్నట్టు కూర్చున్నారు. మాటలు తెలియలేదు. ముందు ఎవరో ఏడ్చారు, తరవాత ఇద్దరూ ఒకేసారి గట్టిగా పోట్లాడుకున్నారు, ఆ తరవాత నవ్వులు. ఆ రోజు డాక్టరమ్మ వైద్యశాలకు పోలేదు. తలుపు తీసుకుని వచ్చి, "సోడా నీళ్ళు కలపండి. నేనే కడుగుతాను" అంది.

కుర్చీ పక్కకు జరిపి, మోకాళ్ళ మీద నిలబడి, స్పాంజితో మెల్లగా, దెబ్బ తగిలిన ఒంటిని తుడిచినట్టు తుడిచింది. బకెట్టులో నీళ్ళు టీ రంగుకు మారాయి. ఆ నీళ్ళ కేసే ఆవిడ చూస్తోందని మావయ్య గమనించి, బకెట్టు తీసుకుపోకుండా అక్కడే ఉంచాడు. గోడ మీద మరక పలచబడింది గానీ పోలేదు. ప్రైమర్ పట్టించే వేళకు పెద్దావిడ చెయ్యి చాపింది.

"కుంచె ఇలా ఇవ్వు. నా చేత్తో నేనే వేస్తా."

నాన్న ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. మొదటి పూత అడ్డదిడ్డంగా పడింది, సగం నేల మీదికి కారింది. రెండో పూత మరక మీద సరిగ్గా పడింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనేమో అనుకున్నాడట మావయ్య. దగ్గరికి వెళ్ళి వింటే, తిడుతోంది. "ఎన్నిసార్లు చెప్పాను, విన్నావా, ఎన్నిసార్లు చెప్పాను..." కళ్ళలో నీళ్ళు, చేతిలో కుంచె, నోట్లో అదే పాట. కూతురు వెనకే నిలబడి వింటోంది, ఆపలేదు.

ప్రైమర్ ఆరాక పెద్దావిడ ఎంచుకున్న లేత పసుపు రంగు వేశారు. ఆ రంగు ఆయన బతికుండగా ససేమిరా ఒప్పుకోలేదట. సాయంత్రం ఎండ పడి గదంతా వెన్నలా అయింది. అలసిపోయిన డాక్టరమ్మ ఏ ధ్యాసలో ఉందో, వెనక్కి జరిగి, అదే గోడకు, అదే చోట తల వాల్చేసింది. తడి రంగు. జుట్టంతా అంటుకుంది.

"తండ్రికి తగ్గ కూతురివే నువ్వు!" అని అరిచింది పెద్దావిడ.

నాన్న నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తాడు. గోడ మీద వెంట్రుకల గీతలతో గుండ్రంగా ఒక గుర్తు పడింది. మావయ్య రోలరు తీసుకుని డాక్టరమ్మ కేసి చూశాడు. "వేసేయండి" అందావిడ, పసుపు జుట్టుతో. వేసేశాడు. ఆ గోడ ఆరడం మాత్రం నిలబడి చూడలేదట. తనది కాని దాన్ని చూస్తున్నట్టు అనిపించిందట.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మావయ్య తువ్వాలు లేకుండా దిండు మీద తల పెట్టి పడుకున్నాడు. అత్త వచ్చి చూసింది.

"తువ్వాలేదీ?"

"లేదు. మరక పడితే తిట్టు."

"నేనా? పాతికేళ్ళ నుంచి నీ తువ్వాలూ ఉతుకుతున్నాను, దిండు గలీబూ ఉతుకుతున్నాను. ఒకటి తగ్గిందంటే తిడతానా? పిచ్చి మనిషి!" అంది. అదే మొదటి తిట్టు. మావయ్యకు ఎంత హాయిగా నిద్రపట్టిందంటే, నాన్న పనికి రమ్మని వచ్చి, చూసి, లేపకుండా తిరిగి వెళ్ళిపోయాడు.

అరవై దాటాక పనులు తగ్గించుకున్నారు. మావయ్య ముఖం డాక్టరమ్మ చెప్పినట్టే పొడిబారింది. చలిగాలికి బుగ్గలు చిట్లేవి. అత్త ఏదో క్రీము తెచ్చి రాస్తుంటే "ఒకప్పుడు నాకిది ఉచితంగా ఊరేది" అనేవాడు. అద్దంలో చూసుకుని, మెరుపు పోయిన నుదురు తడుముకునేవాడు. బాధేమీ కాదు. ఊరు మారిపోయిన పక్కింటివాణ్ణి తలుచుకున్నట్టు.

ఇప్పుడు మధ్యాహ్నాలు వాకిట్లో కూర్చుంటాడు. ఆ వీధిలోనే తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతి ఉంది. ఈ ఏడు ముఖం నిండా మొటిమలు. ఎండైనా మబ్బైనా ముఖానికి చున్నీ చుట్టుకుని, తల వంచుకుని నడుస్తుంది. పోయిన వారం నేను అత్త వాళ్ళింట్లో ఉండగా మావయ్య ఆ పిల్లను ఆపాడు.

"అమ్మాయ్, గిల్లుకుంటున్నావా వాటిని?"

పిల్ల ముఖం ఇంకా కప్పుకుంది.

"గిల్లకు. గట్టిగా రుద్దకు. పొద్దునా సాయంత్రం మెత్తని సబ్బుతో కడుక్కో చాలు. తగ్గకపోతే చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని మీ అమ్మతో చెప్పు, సిగ్గుపడకు. నువ్వేం తప్పు చేయలేదు. నీ వయసులో సెబమ్ ఎక్కువ ఊరుతుంది, అంతే."

పిల్ల తల ఎత్తింది. "సెబమా? మీకెలా తెలుసు తాతగారూ? అది మా సైన్సులో ఉంది."

"పుస్తకంలో ఉందా?" మావయ్య గొంతు మారిపోయింది.

పిల్ల సంచిలోంచి పుస్తకం తీసి, పేజీలు తిప్పి, బొమ్మ చూపించింది. చర్మాన్ని నిలువుగా కోసి గీసిన బొమ్మ. పైన వెంట్రుక, కింద వేరు, వేరు పక్కన చిన్న తిత్తి, దాని మీద బాణం గుర్తు. తైలగ్రంథి అని రాసుంది. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని, ముఖం పుస్తకం దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇదేనా?" అన్నాడు. "ఇంతేనా?"

"నిజానికి ఇంకా చిన్నదండి. కనిపించాలని పెద్దగా వేశారు" అంది పిల్ల. చున్నీ మెడ మీదికి జారింది, సర్దుకోలేదు. వాళ్ళ ఇంట్లోంచి వాళ్ళమ్మ పిలిచింది. పిల్ల పుస్తకం కోసం చెయ్యి చాపబోయి, మావయ్య ఇంకా ఆ బొమ్మలోనే ఉండటం చూసి ఆగింది.

"సాయంత్రం తీసుకుంటాలెండి" అని చెప్పి వెళ్ళింది.